ఆ వేళకు ఎవరున్నారు?



ఏ మాస్టారి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏటా జరుగుతోందో ఆయన గురించి పొగడ్తలు వద్దని కుటుంబం వారు ముందే చెప్పారు. ఆ మాట మన్నిస్తాను. ఆయన బతుకంతా పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల మధ్యే గడిచింది కనుక, ఆ వయసు పిల్లల గురించి మాట్లాడటమే ఆయనకు తగిన నివాళి అనుకుంటున్నాను. నగరంలో దెబ్బతింటున్న, దారి తప్పుతున్న, ఎవరికీ చెప్పుకోలేక లోపల్లోపలే నలిగిపోతున్న టీనేజ్ పిల్లలకు పెద్దవాళ్ళం మనం, మన సంఘాలు ఎలా ఆసరా కాగలం? ఈ సాయంత్రం నా విషయం ఇదే.

దీని మీద నీతులు చెప్పడం తేలిక. అందుకే ఒక నగరాన్ని, ఒక కాలాన్ని పట్టుకుని మాట్లాడతాను. అమెరికాలోని బోస్టన్, 1990 ప్రాంతం. అంత దూరం ఎందుకని మీరు అడగవచ్చు. అక్కడి చర్చిలు చేయగలిగింది, చేయలేకపోయింది పరిశోధకులు దగ్గరుండి చూసి రాశారు. గెలుపు ఎంత వివరంగా దొరుకుతుందో, ఆ గెలుపు జారిపోవడం కూడా అంత వివరంగా దొరుకుతుంది. మనకు రెండూ కావాలి.

బోస్టన్ అనగానే మనవాళ్ళకు నది అవతల ఉన్న హార్వర్డ్, ఎంఐటీ గుర్తొస్తాయి. ఇవతల రాక్స్‌బరీ, డార్చెస్టర్, మాటపాన్ అనే పేటలున్నాయి. నల్లజాతి కుటుంబాలు, కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే చోట్లు. 1980ల చివర్లో అక్కడికి క్రాక్ కొకైన్ వచ్చింది. చవక సరుకు. వీధి మూలల్లో అమ్మకం. అమ్మడానికి చిన్న కుర్రాళ్ళు. ఏ మూల ఎవరిదన్న తగాదా, తగాదా తేల్చడానికి తుపాకి. 1990లో ఆ నగరంలో 152 హత్యలు జరిగాయి. చనిపోయినవాళ్ళలో 73 మంది 24 ఏళ్ళు, అంతకన్నా తక్కువ వయసువాళ్ళు.

పోలీసులను పిలుద్దామంటే పోలీసులంటేనే భయం. 1989లో చార్ల్స్ స్టువర్ట్ అనే తెల్లవాడు గర్భిణి అయిన తన భార్యను కాల్చి చంపి, ఎవరో నల్లజాతి మనిషి చేశాడని ఫిర్యాదు చేశాడు. పోలీసులు ఆ మాట నమ్మి మిషన్ హిల్ అనే పేట మీద పడ్డారు. కనిపించిన కుర్రాణ్ణల్లా ఆపి, నడివీధిలో బట్టలు విప్పించి సోదాలు చేశారు. కొన్ని వారాలకు నిజం బయటపడింది. స్టువర్ట్ వంతెన మీంచి నదిలో దూకి చనిపోయాడు. ఆ పేటల తల్లుల పరిస్థితి ఊహించండి. కొడుకు వీధిలోకి వెళ్తే తుపాకి భయం, పోలీసుల కంట పడితే ఇంకో భయం.

మరి చర్చిలు? డార్చెస్టర్‌లోని ఫోర్ కార్నర్స్ అనే చోటును ఒమర్ మెక్‌రాబర్ట్స్ అనే సమాజశాస్త్రవేత్త ఏళ్ళ తరబడి తిరిగి చూసి 2003లో ఒక పుస్తకం రాశారు. చదరపు మైలు కూడా లేని ఆ చోట 29 సంఘాలు ఆయనకు కనిపించాయి. చాలావరకు పాత దుకాణాల గదుల్లో నడిచేవే. ఆ 29లో ఎక్కువ సంఘాలకు ఆ వీధితో సంబంధం లేదు. ఆరాధనకు వచ్చేవాళ్ళు వేరే పేటల నుంచి, శివార్ల నుంచి కార్లలో వచ్చి, ప్రార్థన ముగించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. గది అద్దె తక్కువ కనుక అక్కడ సంఘం పెట్టుకున్నారు, అంతే. ఇది చదివినప్పుడు నాకు మన నగరాలే కళ్ళ ముందు కదిలాయి. మన గుళ్ళకు ఉప్పల్ నుంచి ఒకరు, మియాపూర్ నుంచి ఒకరు వస్తారు. గుడి ప్రహరీ పక్కనే ఉన్న సందులో క్యారమ్స్ ఆడుకునే కుర్రాడి పేరు మనలో ఎవరికీ తెలియదు.

1992 మే నెలలో మాటపాన్‌లోని మార్నింగ్ స్టార్ బాప్టిస్ట్ చర్చిలో ఒక కుర్రాడి అంత్యక్రియల ఆరాధన జరుగుతోంది. అతను కాల్పుల్లో చనిపోయినవాడే. ఆ ఆరాధన మధ్యలో ప్రత్యర్థి ముఠా కుర్రాళ్ళు లోపలికి దూసుకొచ్చి, అక్కడ కూర్చున్న ఇంకో కుర్రాణ్ణి కత్తులతో పొడిచారు. శవపేటిక ముందు, కాపరి ముందు, తల్లుల ముందు. అప్పటిదాకా హింస వీధిలో ఉంది, మనం లోపల ఉన్నాం అనుకున్న కాపరులకు ఆ గోడ కూలిపోయింది. సమావేశాలు పెట్టుకున్నారు. సమావేశాల్లో చాలామంది చాలా మాట్లాడారు. కొద్దిమంది మాత్రం రాత్రిపూట వీధుల్లో నడవడం మొదలుపెట్టారు.

ఆ కొద్దిమందిలో జెఫ్రీ బ్రౌన్ ఒకరు, కేంబ్రిడ్జిలో ఒక బాప్టిస్ట్ సంఘానికి కాపరి. రే హామండ్ ఇంకొకరు, వైద్యుడిగా పనిచేసి తర్వాత కాపరి అయినవారు. మూడోవారు యూజీన్ రివర్స్, డార్చెస్టర్‌లోనే కాపురం పెట్టి, ఆ వీధిలోనే చిన్న సంఘాన్ని నడిపినవారు. వీళ్ళంతా కలిసి పెట్టిన సంస్థ పేరు టెన్ పాయింట్ కొయలిషన్. శుక్రవారం రాత్రి 10 గంటలకు బయల్దేరి తెల్లవారుజామున 2 దాకా నడిచేవారు. మొదట్లో కుర్రాళ్ళు వీళ్ళ దగ్గరికి రాలేదు. దూరం నుంచి చూశారు. ఫొటోలు దిగి వెళ్ళిపోయే రకమా, వచ్చే వారం కూడా వస్తారా అని పరీక్షించారు. వారాల తరబడి అదే వేళకు అవే మొహాలు కనిపించాక పలకరింపులు మొదలయ్యాయి.

రివర్స్ తరచుగా చెప్పే ఒక సంగతి ఉంది. మత్తుమందు అమ్మే ఒక మనిషి ఆయనకు చర్చి ఎందుకు ఓడిపోయిందో వివరించాడట. పిల్లాడు పొద్దున బడికి పోయేటప్పుడు వీధిలో తానున్నాడు, సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు తానున్నాడు, అమ్మమ్మ కోసం రొట్టె తేవడానికి దుకాణానికి వెళ్ళేటప్పుడూ తానే ఉన్నాడు, ఆ వేళల్లో చర్చి మనిషి ఒక్కడూ లేడు, అందుకే గెలుపు తనది అని ఆ మనిషి మాటల సారాంశం. సంఘాల గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నేను ఇంకెక్కడా వినలేదు. నేను ఇవాళ చెప్పదలచిందంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది. బోధ బాగా లేక పిల్లలు మన చేయి జారిపోలేదు. వాళ్ళకు మనిషి కావలసిన వేళకు మనం లేము.

నడిచిన కాపరులు నేర్చుకున్న మొదటి సంగతి నోరు మూసుకుని వినడం. బ్రౌన్ ఈ విషయం దాపరికం లేకుండా చెబుతారు. వీధి కుర్రాళ్ళు కరుడుగట్టినవాళ్ళని తామంతా అనుకున్నామని, విన్నాక అర్థమైంది వేరని. వాళ్ళలో చాలామంది భయపడుతున్నారు. బడికి వెళ్ళే దారిలో ఇంకో ముఠా మూల దాటాలి. ఆ భయానికి జేబులో కత్తి, కత్తి ఉన్నందుకు ఎదుటివాడి దగ్గర తుపాకి. హార్వర్డ్‌లో డేవిడ్ కెన్నెడీ బృందం చేసిన పరిశీలనలోనూ ఇదే తేలింది. నగరంలోని యువకుల హత్యల్లో కనీసం 60 శాతం ముఠాల్లో ఉన్న 1,300 మంది చుట్టూ తిరుగుతున్నవి. ఆ 1,300 మంది నగరంలోని ఆ వయసువాళ్ళలో ఒక శాతం కూడా కారు. అంటే, పేట మొత్తాన్ని అనుమానించినంత కాలం పోలీసులూ తప్పుదారిలో ఉన్నారు, పేటకు భయపడి తలుపులు మూసుకున్న సంఘాలూ తప్పుదారిలో ఉన్నాయి.

వాళ్ళు రాసుకున్న పది అంశాల ప్రణాళికలో కొన్ని మాత్రమే చెబుతాను. నాలుగైదు చర్చిలు కలిసి ఒక ముఠా పిల్లల బాధ్యత తీసుకోవడం. చర్చి గదులను పిల్లలు ఎప్పుడైనా వచ్చి కూర్చోగలిగే చోట్లుగా తెరిచి పెట్టడం. శివారులోని కలిగిన సంఘాలను పేటలోని పేద సంఘాలకు జోడించడం. వీటన్నిట్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇంకొకటి. కోర్టు మెట్లెక్కే కుర్రాడి పక్కన చర్చి నుంచి ఒక పెద్దమనిషి నిలబడటం. వకీలుగా వాదించడానికి కాదు. వీడికి ఒక మనిషి ఉన్నాడు, వీడు రేపు ఎక్కడుంటాడో నాకు తెలుసు అని జడ్జికి చెప్పడానికి. తండ్రి జైల్లో, తల్లి రెండు ఉద్యోగాల్లో ఉన్న పిల్లాడికి అలాంటి మనిషి దొరకడం ఎంత పెద్ద విషయమో వేరే చెప్పనక్కర్లేదు.

అదే సమయంలో ఆ కాపరులు కొందరి విషయంలో కఠినంగానూ ఉన్నారు. ఎన్నిసార్లు చెప్పినా తుపాకి వదలని కొద్దిమందిని జైలుకు పంపడమే మిగతా పిల్లలకు మేలని పోలీసులతో అన్నారు. పోలీసులు హద్దు మీరితే వాళ్ళనూ బహిరంగంగా నిలదీశారు. 1994లో పోలీసులు పొరబాటున వేరే ఇంటి తలుపు బద్దలుకొట్టి లోపలికి జొరబడినప్పుడు, ఆ ఇంట్లో ఉన్న 75 ఏళ్ళ రిటైర్డ్ పాస్టర్ గుండె ఆగి చనిపోయారు. పేట భగ్గుమనాల్సిన రోజు అది. పోలీసు కమిషనర్ క్షమాపణ చెప్పారు, కాపరులు పేటను నిలబెట్టారు. పోలీసులకు, పేటకు మధ్య ఇద్దరూ నమ్మే మనుషులు కొందరు ఉండటమే ఈ కాపరుల అసలు సేవ అని క్రిస్టఫర్ విన్‌షిప్ అనే హార్వర్డ్ సమాజశాస్త్రవేత్త తర్వాత విశ్లేషించారు.

1996లో ఆపరేషన్ సీజ్‌ఫైర్ మొదలైంది. పోలీసులు, ప్రొబేషన్ అధికారులు, నగరపాలక సంస్థ వీధి కార్యకర్తలు, కాపరులు ఒకే గదిలో ముఠా కుర్రాళ్ళను కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పారు. ఇకమీదట కాల్పులు జరిగితే ముఠా మొత్తం మీద చట్టం విరుచుకుపడుతుంది. బయటికి రావాలనుకుంటే ఉద్యోగానికి, చదువుకు, ఇంటికి మేము సాయం చేస్తాం. ఏడాదికి సగటున 40 దాటి జరుగుతున్న యువకుల హత్యలు 1996లో 26కి, 1997లో 15కి తగ్గాయి. నగరం మొత్తంలో హత్యలు 1999కల్లా 31కి దిగాయి. ఇందులో చర్చి వాటా ఎంత, పోలీసు వాటా ఎంత అన్నది పరిశోధకులు ఇప్పటికీ తేల్చుకోలేదు. అదే కాలంలో దేశమంతటా నేరాలు తగ్గుముఖం పట్టిన మాట కూడా నిజం. ఘనతంతా కాపరులదేనని నేను చెప్పను. వాళ్ళు ఆ గదిలో ఉన్నారన్నది మాత్రం చిన్న విషయం కాదు.

తర్వాతి కథ కూడా వినాలి. పేరు వచ్చింది. పత్రికల ముఖచిత్రాలు, వేరే నగరాల నుంచి ఆహ్వానాలు వచ్చాయి. నాయకుల మధ్య విభేదాలు వచ్చాయి. పోలీసు శాఖలో మనుషులు మారారు, సీజ్‌ఫైర్ సమావేశాలు ఆగిపోయాయి. 1990ల్లో పదేళ్ళున్న పిల్లలు 2000 తర్వాత ఇరవైలోకి వచ్చారు, వాళ్ళకు ఆ కాపరులు తెలియదు. 2005లో నగరంలో హత్యలు మళ్ళీ 70 దాటాయి. ఒక తరం పిల్లలతో పెనవేసుకున్న నమ్మకం తర్వాతి తరానికి ఆస్తిలా సంక్రమించదు. ప్రతి పదమూడేళ్ళ పిల్లాడి దగ్గరా మళ్ళీ మొదటి నుంచి సంపాదించుకోవాలి.

ఇక్కడ ఆగి, మనం మనస్సాక్షితో చూసుకోవాల్సిన ఒక పరిశోధన చెబుతాను. బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే సంస్థ అమెరికాలో ఒక్కో పిల్లాడికి ఒక్కో పెద్దమనిషిని జతచేస్తుంది. 1995లో దాని పనిని లెక్కకట్టారు. 10 నుంచి 16 ఏళ్ళ మధ్య 959 మంది పిల్లలను తీసుకుని, సగం మందికి వెంటనే జత కుదిర్చారు, మిగతావాళ్ళను వేచి ఉండే జాబితాలో పెట్టారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, జత దొరికినవాళ్ళు మత్తుమందు మొదలుపెట్టే అవకాశం మిగతావాళ్ళకంటే 46 శాతం తక్కువ, మద్యం మొదలుపెట్టే అవకాశం 27 శాతం తక్కువ. ఆ పెద్దవాళ్ళు చేసింది ఏమిటి? ఎక్కువమంది నెలకు కనీసం మూడుసార్లు కలిసి కొన్ని గంటలు గడిపారు. బంతాట ఆడారు, టిఫిన్ తిన్నారు, కబుర్లు చెప్పుకున్నారు. అంతే.

2002లో ఇద్దరు పరిశోధకులు అవే లెక్కలను ఇంకో వైపు నుంచి చూశారు. జత ఎంతకాలం నిలిచిందన్నది చూశారు. ఏడాది దాటి నిలిచిన చోట పిల్లలు బాగుపడ్డారు. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లలు తమ మీద తాము పెట్టుకున్న నమ్మకం ఉన్నదానికంటే తగ్గిపోయింది. ఎవరూ రాకపోయి ఉంటేనే వాళ్ళు మెరుగ్గా ఉండేవారు. అప్పటికే ఒకరు వదిలేసి వెళ్ళిన పిల్లాడికి ఇంకొకరు వదిలేసి వెళ్తే, లోపం నాలోనే ఉందన్న అనుమానం ఖాయమవుతుంది.

మనం వేసవిలో వీబీఎస్, అంటే సెలవుల బైబిల్ బడి, పెడతాం. బొమ్మలు, పాటలు, బిస్కెట్లు, చివరి రోజు ప్రోగ్రాం. బస్తీ పిల్లలు పరుగెత్తుకుంటూ వస్తారు. జూన్‌లో వాళ్ళ పేర్లు మనలో ఎందరికి గుర్తుంటాయి? వీబీఎస్ వద్దని అనను, చిన్నపిల్లలకు అది పండగే. కానీ పద్నాలుగేళ్ళ పిల్లాడికి నెత్తి మీద చేయి వేసి, నెంబరు తీసుకుని, తర్వాత ఫోన్ ఎత్తకపోవడం గాయం. నిలబడే ఓపిక లేనప్పుడు మొదలుపెట్టకపోవడమే మేలని నిస్సంకోచంగా చెబుతాను.

నిలబడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంకో చోటికి తీసుకెళ్తాను. హవాయి దీవుల్లో కవాయి అనే దీవి. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలందరినీ ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనించారు. అందులో మూడో వంతు మంది పేదరికం, తాగుడు, కలహాలు ఉన్న ఇళ్ళలో పుట్టినవాళ్ళు. వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది టీనేజ్‌కి వచ్చేసరికి కష్టాల్లో పడ్డారు. మిగతా 72 మంది చక్కగా పెరిగారు. ఆ 72 మందినీ నిలబెట్టిన వాటిలో పదే పదే కనిపించింది ఒక మనిషి. అమ్మమ్మ కావచ్చు, పక్కింటావిడ కావచ్చు, టీచర్ కావచ్చు, చర్చిలో యవ్వనస్థుల పని చూసే వ్యక్తి కావచ్చు. షరతులు లేకుండా ఆ పిల్లను తన పిల్లగా చూసిన ఒక్క మనిషి. దీనికంటే నాకు ధైర్యాన్నిచ్చిన సంగతి ఇంకొకటుంది. టీనేజ్‌లో చెడిపోయారనుకున్నవాళ్ళలో కూడా ఎక్కువమంది 30లు, 40ల్లోకి వచ్చేసరికి కుదుటపడ్డారు. కొందరికి పెళ్ళి, కొందరికి మళ్ళీ మొదలెట్టిన చదువు, కొందరికి ఒక సంఘంలో దొరికిన చోటు కారణం. పదహారేళ్ళకే ఒక పిల్లాడి మీద తీర్పు రాసేయకూడదని ఆ లెక్కలు చెబుతున్నాయి.

పిల్లల వేళకు తగ్గట్టు సంఘం మారడం కొత్త సంగతేమీ కాదు. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి సండే స్కూల్ పెట్టించాడు. ఆదివారమే ఎందుకు? పేద పిల్లలు మిగతా ఆరు రోజులు గుండుసూదుల ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు, ఖాళీ దొరికేది ఆదివారమే. ఆ రోజు వాళ్ళకు చదవడం, రాయడం నేర్పారు. ఆదివారం అన్నది పిల్లల వీలును చూసి పెట్టుకున్న వేళ. 1844లో లండన్‌లో బట్టల దుకాణంలో గుమాస్తాగా పనిచేసే 22 ఏళ్ళ జార్జ్ విలియమ్స్, పొద్దు పొడిచినప్పటి నుంచి రాత్రి దాకా కౌంటర్ల వెనక నిలబడే తోటి కుర్రాళ్ళ కోసం వైఎంసీఏ మొదలుపెట్టాడు. ఆ కుర్రాళ్ళు ఉండేది దుకాణం మీది గదుల్లో కనుక ప్రార్థన కూటం కూడా అక్కడే పెట్టాడు.

ఇటలీలోని తూరిన్ నగరంలో డాన్ బోస్కో కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1841 డిసెంబరులో తాపీ పని చేసుకునే ఒక అనాథ కుర్రాడు చలికి గుడి గదిలోకి వస్తే, పూజకు సాయం చేయడం కూడా రాదా అని గుడి సేవకుడు కొట్టి తరిమాడు. బోస్కో ఆ కుర్రాణ్ణి వెనక్కి పిలిపించి, చదవడం రాదు, రాయడం రాదు, పాడటం రాదు అన్నవాణ్ణి, మరి ఈల వేయడం వచ్చా అని అడిగారట. కుర్రాడు నవ్వాడు. అక్కడ మొదలైంది ఆయన పని. ఆటస్థలాలు, పాటలు, సాయంత్రం బడి. నాకు ముఖ్యమనిపించేది తర్వాత ఆయన చేసిన పని. పనిలో చేరే కుర్రాళ్ళ తరఫున యజమానులతో కాగితం మీద ఒప్పందాలు రాయించారు. నేర్పాల్సిన పని తప్ప ఇంటి చాకిరీ చేయించకూడదు, కొట్టకూడదు, పండగరోజు సెలవివ్వాలి అని. కుర్రాడి ఆత్మ కోసం ప్రార్థించిన మనిషే వాడి జీతం కోసం యజమాని ముందు కూర్చున్నారు. ఆయన స్థాపించిన సలేషియన్ సభ వాళ్ళే విజయవాడలో నవజీవన్ బాలభవన్ నడుపుతున్నారు. ఇల్లు విడిచి రైళ్ళెక్కి వచ్చిన పిల్లలు దిగేది స్టేషన్‌లో కనుక వాళ్ళ పని కూడా స్టేషన్‌లో మొదలైంది.

ఇప్పుడు మన పిల్లల వేళలు చూద్దాం. ఇంటర్ చదివే పిల్లలు చాలామంది తెల్లవారకముందే లేచి రాత్రి పది దాకా స్టడీ అవర్లలో ఉంటారు. వారాంతాల్లో పరీక్షలు. ఆదివారం పిల్లాడు గుడికి రాలేదని తల్లిని అడుగుతాం. వాడికి ఆదివారం ఉందో లేదో అడగం. చదువు మానేసినవాళ్ళ వేళలు వేరు. మెకానిక్ షెడ్డు, ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్, అర్ధరాత్రి దాకా డెలివరీ. వాళ్ళు ఖాళీగా ఉండే వేళకు తెరిచి ఉండేవి పాన్ డబ్బాలు, బిర్యానీ సెంటర్లు, చేతిలోని ఫోను. ఆ వేళకే గంజాయి చిన్న పొట్లంలో చేతికందుతుంది. ఆడపిల్లల కష్టం వీధిలో కనపడదు. తమ్ముణ్ణి చూసుకోవాలని చదువు మానిపించడం, పద్దెనిమిది నిండకుండానే సంబంధాలు చూడటం, ఫోన్‌లో ఎవడో పంపిన బెదిరింపు, ఇంట్లోవాళ్ళ నుంచే వచ్చే ప్రమాదం. బోస్టన్ కాపరుల పని ఎక్కువగా మగపిల్లల చుట్టూ తిరిగింది. మన సంఘాల్లో ఆ లోటు తీర్చగలిగింది స్త్రీల సమాజమే. ఇంటింటికీ వెళ్ళే అలవాటు, వంటింట్లో కూర్చుని మాట్లాడే చనువు వాళ్ళకే ఉన్నాయి.

ఒక్క విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పరీక్షా ఫలితాలు వచ్చిన వారం. మన దేశంలో 2022లో 13 వేల మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అన్నీ పరీక్షల వల్ల కాదు, కారణాలు అనేకం. కానీ 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత మనం విన్న వార్తలు ఎవరం మరిచిపోలేం. అలాంటి వారం ఆదివారం మనం చేసే పని ఏమిటి? మంచి మార్కులు వచ్చిన పిల్లలను ముందుకు పిలిచి, సాక్ష్యం చెప్పించి, దేవుడు చేసిన మేలు అని చప్పట్లు కొడతాం. తప్పిన పిల్లాడు ఆ వారం రాడు. వచ్చినా స్తంభం వెనక కూర్చుంటాడు. మేలు దేవుడు వాళ్ళకు చేశాడంటే నాకెందుకు చేయలేదన్న ప్రశ్న వాడు ఇంటికి మోసుకుపోతాడు. అలా అడిగే పిల్లాడికి మన దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ ప్రశ్న మనమే పుట్టించాం. మార్కుల సాక్ష్యాలు మానేయమని అయ్యగార్లను చేతులు జోడించి అడుగుతున్నాను. ఫలితాలు వచ్చిన సాయంత్రమే, ఆదివారం దాకా ఆగకుండా, తప్పిన పిల్లల ఇళ్ళకు ఇద్దరు పెద్దవాళ్ళు వెళ్ళండి. సప్లిమెంటరీ ఫీజు గడువు తెలుసుకుని వెళ్ళండి. తండ్రి చేయెత్తితే ఆపండి. అక్కడే కూర్చుని అన్నం తినండి. పిల్లాడి మాటల్లో చావు ప్రస్తావన వస్తే అడగడానికి భయపడకండి, అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలకండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 నెంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళండి. డిప్రెషన్‌ను విశ్వాసం తక్కువవడం అనకండి.

పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళ మీద కూడా హద్దులుండాలి. మంచి మనసు చాలదు. ఎవరూ ఒంటరిగా ఒక పిల్లను గదిలో కూర్చోబెట్టుకోకూడదు. ఇద్దరు పెద్దవాళ్ళు, తెరిచిన తలుపు, తల్లిదండ్రులకు తెలిసిన వేళ. రాత్రిపూట ప్రైవేటు మెసేజీలు వద్దు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకో, బాలల పోలీసు విభాగానికో తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం మన బాధ్యత, చెప్పకపోవడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098. సంఘం పరువు పోతుందని, పెద్దమనిషి కుటుంబం పాడవుతుందని లోపల్లోపల సర్దేసిన ప్రతిసారీ మనం ఒక పిల్లను రెండోసారి గాయపరిచాం. ఈ విషయంలో నాకు మెత్తని మాట రాదు.

ఇంకొకటి. బస్తీలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. ట్యూషన్‌కి వచ్చిన పిల్లాడి దగ్గర కంఠత వాక్యం అప్పజెప్పించుకోవద్దు. టిఫిన్ ముందు మతం పెట్టవద్దు. మనం ఎవరమో వాళ్ళకు తెలుసు, దాచాల్సిన పని లేదు. కానీ పిల్లాడి ఆకలినీ, ఒంటరితనాన్నీ మన లెక్కల్లో సంఖ్య పెంచుకోవడానికి వాడుకుంటే, వాడికి అది ఇట్టే తెలిసిపోతుంది, వాడి తల్లిదండ్రులకూ తెలుస్తుంది. లూకా సువార్తలో పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్న సంగతి మీకు తెలుసు. ఆ బోధకుల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకోం. పల్లెటూరి కుర్రాణ్ణి తమ మధ్య కూర్చోనిచ్చి, ప్రశ్నలు అడగనిచ్చి, విన్నారు. వాణ్ణి ఎవరి తాలూకు అని అడిగి బయటికి పంపలేదు.

ఈ పనికి డిగ్రీలు అక్కర్లేదు. మన సంఘంలో రైల్వేలో రిటైరైనవాళ్ళున్నారు, నర్సులున్నారు, ఆటో నడిపేవాళ్ళున్నారు, టైలర్లున్నారు. తాగుడు మానిన తండ్రి తాగుడు మొదలెట్టిన కుర్రాడితో మాట్లాడితే అది ఏ కౌన్సెలరూ చెప్పలేని మాట. ఒక్కొక్కరు ఒక్క పిల్లాడిని లేదా పిల్లను తీసుకోండి, కనీసం రెండేళ్ళు. బదిలీ అయితే, జబ్బు చేస్తే, ఆ సంగతి ముందుగా పిల్లాడికి చెప్పి, ఇంకొకరికి చేయి అప్పగించి వెళ్ళండి.

చివరగా కమిటీ వారికి ఒక మనవి. మాస్టారి పేరున బ్యాంకులో వేసిన నిధి వడ్డీతో ఏటా ఈ సభ జరుగుతోంది. హాలు అలంకరణ, శాలువా, భోజనాలు, కరపత్రం. శాలువా నాకు వద్దు, వచ్చే ఏడు వక్తకూ వద్దు. ఆ డబ్బుతో ఈ హాలు వారంలో ఐదు రోజులు రాత్రి 7 నుంచి 10:30 దాకా తెరిచి ఉంచవచ్చు. కరెంటు బిల్లు, వాచ్‌మన్‌కు అదనపు జీతం, టీ, మంచి వెలుతురులో నాలుగు బల్లలు, ఒక క్యారమ్ బోర్డు. ఇంట్లో చదువుకోవడానికి చోటు లేని పిల్లలు చదువుకుంటారు, పని నుంచి వచ్చిన కుర్రాళ్ళు కూర్చుంటారు. ప్రతి సాయంత్రం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. ఆడపిల్లలు వచ్చే రోజుల్లో వాళ్ళలో ఒకరు తప్పకుండా స్త్రీ అయి ఉండాలి, ఇంటిదాకా దిగబెట్టే ఏర్పాటుండాలి. తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో బోర్డు మీద పేరు, ఫోన్ నెంబరు రాసి పెట్టండి. పేర్ల పట్టిక సభ అయ్యాక ఆ టేబుల్ మీద ఉంటుంది. గురువారాలు నా పేరు రాసుకోండి. నాతోపాటు కూర్చోవడానికి ఇంకొకరు కావాలి.